హో నది అడవికి సద్ది

మా అమ్మాయి వంటింటి త్రాసు మీద నా పంచె పెట్టి అంకె చదివింది. "320 గ్రాములు. ఇది వద్దు నాయనా."

"పంచె లేకుండా రాత్రి పడుకునేదెట్లా?"

"నూలుబట్ట తడిస్తే ఆ అడవిలో ఆరదు. తడిబట్ట ఒంటిమీద ఉంటే ఎండాకాలంలో కూడా చలి లోపలికి దిగుతుంది. నీకోసం కొన్న ప్యాంటు చూడు, 190 గ్రాములే."

అట్లా నా పంచె బల్లకు ఎడమవైపు గుట్టలోకి పోయింది. కుడివైపు గుట్ట వెంట రావలసినవి, ఎడమవైపువి ఇంట్లో ఉండిపోవలసినవి. ఎడమ గుట్టలో అప్పటికే నా తువ్వాలు, స్టీలు చెంబు, ఆవకాయ సీసా, బొంత, మూడు బ్యాటరీల టార్చిలైటు ఉన్నాయి. దాదాపు అన్నీ నావే. మా అల్లుడు ప్రతి వస్తువు బరువునూ కంప్యూటర్‌లో రాసుకుంటున్నాడు. టూత్‌బ్రష్‌తో సహా.

సియాటెల్‌కు ఉత్తరాన ఉన్న బాతెల్ అనే ఊళ్లో జరిగిన సంగతి ఇది. నేను ఆత్మకూరు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. విజిటర్ వీసా మీద వచ్చి పిల్లల దగ్గర ఉన్నాం నేనూ మా ఇంటావిడా. ఒక రాత్రి భోజనాల దగ్గర అల్లుడు ఫోన్‌లో ఒలింపిక్ నేషనల్ పార్క్ ఫొటోలు చూపించాడు. పసిఫిక్ సముద్రానికి దగ్గర్లో మంచుకొండ, దాని పేరు మౌంట్ ఒలింపస్, ఎత్తు దాదాపు 8,000 అడుగులు. ఆ కొండ మీది హిమానీనదంలో పుట్టి పడమటికి పారేది హో నది. పార్కు లోపల నది పొడవునా నరకని అడవి. సముద్రం నుంచి వచ్చే మబ్బు ఆ కొండలకు తగిలి అక్కడే కురుస్తుంది. ఏడాదికి 12 నుంచి 14 అడుగుల వాన. నేను మనసులో లెక్కవేశాను. అనంతపురంలో ఆరేళ్లు పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడిపోతుంది.

"మేమూ అడవిలో నడిచినోళ్లమే. నల్లమలలో. శ్రీశైలానికి," అన్నాను. ఆ ఒక్క మాట చాలింది. మా అల్లుడికి కొండలంటే పిచ్చి, తోడు వచ్చేవాళ్లే దొరకరు. "అయితే వస్తారా మామయ్య గారూ?" అన్నాడు. అమ్మాయి మొగుడి వైపు ఉరిమి చూసింది. నేను అప్పటికే తలాడించేశాను.

అది వసంతకాలంలో మాట. నడక ఆగస్టులో. నడుమ నెలలన్నీ ఏర్పాట్లకే పోయాయి. ఇన్నాళ్ల తర్వాత తలుచుకుంటే ఆ ఏర్పాట్లే నాకు ఎక్కువ గుర్తొస్తాయి.

ముందు పర్మిట్. ఆ అడవిలో రాత్రి పడుకోవాలంటే ఎక్కడ పడుకుంటామో, ఏ రాత్రి ఏ చోటో ముందే రాసిచ్చి అనుమతి తీసుకోవాలి. మనిషికి రాత్రికి 8 డాలర్లు, పర్మిట్‌కు పైన మరో 6 డాలర్లు. గుంపులో పన్నెండు మందికి మించకూడదు. వేసవి తేదీల కోసం జనం ఇంటర్నెట్‌లో ఎగబడతారు. మా అల్లుడు పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తిరుమల దర్శనం టికెట్లకు మా పక్కింటాయన కూర్చునేదీ అట్లాగే.

భోజనాల బల్ల మీద మ్యాపు పరిచారు. వాన నీటికి చిరగని రకం కాగితం. హో విజిటర్ సెంటర్ నుంచి దారి మొదలై నది ఒడ్డునే సాగుతుంది. ఐదో మైలు దగ్గర ఫైవ్ మైల్ ఐలండ్, తొమ్మిది మైళ్లకు ఒలింపస్ గార్డ్ స్టేషన్, పదమూడో మైలు దాటాక నది మీద ఎత్తైన వంతెన, ఆ తర్వాత ఎల్క్ లేక్, చివర పదిహేడు మైళ్ల పైచిలుకు దూరంలో గ్లేసియర్ మెడోస్. అంటే దాదాపు 28 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకాస్త ఎక్కితే బ్లూ గ్లేసియర్ అనే హిమానీనదం కళ్లెదుటే కనిపిస్తుంది. పర్వతారోహకులు తాళ్లూ గొడ్డళ్లూ వేసుకుని పోయేది ఆ దారినే.

నేను మ్యాపులో ఎత్తు గీతలు లెక్కపెట్టాను. బళ్లో ముప్పై ఏళ్లు కాంటూర్ గీతలు నేర్పించినవాణ్ణి, నా కాళ్ల కోసం వాటిని చదవడం అదే మొదలు. మొదటి తొమ్మిది మైళ్లలో దారి ఎక్కేది 400 అడుగుల లోపే. వంతెన దాటగానే గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. గ్లేసియర్ మెడోస్‌కు కాస్త ముందు కొండచరియ కొట్టుకుపోయిన చోట తాళ్ల నిచ్చెన దిగాలట. అమ్మాయి అక్కడ వేలు పెట్టి, "ఇది నువ్వు దిగవు," అంది. నేను వాదించలేదు. ఎల్క్ లేక్ దగ్గర ఎట్లాగూ ఖాళీ దొరకలేదు. అక్కడా గ్లేసియర్ మెడోస్‌లోనూ రాత్రికి ఇన్ని గుడారాలని హద్దు ఉంది. చివరికి ఐదో మైలు దగ్గర ఒక రాత్రి, ఒలింపస్ దగ్గర మిగతా రాత్రులు, అక్కడి నుంచి మూట లేకుండా వంతెన దాకా పోయి రావడం అని తేలింది. మా అల్లుడి మొహంలో హిమానీనదం ఆశ చచ్చిపోవడం చూశాను. పెద్దమనిషి, పైకి ఏమీ అనలేదు.

నల్లమల నడకకు ఏర్పాటు అనేదే లేదని అప్పట్లో నేననుకునేవాణ్ణి. అది నిజం కాదని ఈ మ్యాపు ముందు కూర్చున్నప్పుడే తట్టింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో శివరాత్రికి మా మేనమామ వెంట వెంకటాపురం నుంచి బయల్దేరాను. నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. ఆ పేర్లు ఆ వరసలోనే ఇప్పటికీ నోటికి వస్తాయి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కే మెట్లు రెడ్డిరాజుల నాటివని చెబుతారు. మా దగ్గర మ్యాపు లేదు, గుడారం లేదు. చేతిసంచిలో సద్ది, భుజాన దుప్పటి. మా మామ ముందుగా చేసుకున్న పని ఒక్కటే. ఎవరితో పోవాలో తేల్చుకోవడం. ఏటేటా పోయే కన్నడ భక్తుల గుంపు ఒకటి ఆయనకు తెలుసు. వాళ్లకు దారి తెలుసు, ఏ మజిలీలో ఎవరు అన్నదానం పెడతారో తెలుసు, నీళ్లు ఎండిపోతే ఏ చెంచు గూడెంలో అడగాలో తెలుసు. మా బరువంతా వాళ్ల ఎరుకే మోసింది. ఇక్కడ అట్లా కాదు. అడవిలో మన కోసం ఎవరూ ఉండరు. ఉండకూడదు అన్నది ఆ అడవి నియమం. కాబట్టి నల్లమలలో పదిమంది మనుషులు చేసిపెట్టిన పనంతా ఇక్కడ గ్రాముల్లోకి మార్చి వీపున వేసుకోవాలి. చెంచు మనిషికి బదులు దిక్సూచి, అన్నదానానికి బదులు గ్యాసు పొయ్యి, బావికి బదులు నీళ్లు వడకట్టే గొట్టం.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి పోతూ మా వైపు నుంచే నల్లమల ఎక్కి శ్రీశైలం చూసుకున్నాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో నాకు నచ్చేది భక్తి కాదు, జాగ్రత్త. ఏ మజిలీలో అంగడి ఉంది, ఏ నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని వెనక వచ్చేవాడి కోసం రాసిపెట్టాడు. మా అల్లుడి కంప్యూటర్ పట్టీ చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొచ్చేవాడు. తేడా ఏమంటే ఆయన వెనక బోయీలూ పరివారమూ ఉన్నారు. మా వెనక ఎవరూ లేరు.

ఇక తిండి. ఇక్కడే మా ఇంటావిడ రంగంలోకి దిగింది.

ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. తినేదీ, వాసన వచ్చేదీ ఏదైనా సరే చెట్టుకు 12 అడుగుల ఎత్తున, మానుకు 10 అడుగుల దూరంలో వేలాడదీయాలి, లేదంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా ఒక్కటే కిలోకు పైన బరువు. లోపల పట్టేది 11 లీటర్ల చిల్లర. ముగ్గురి తిండి అందులోనే సర్దాలి. పళ్లపేస్టు, సబ్బు, మందులు కూడా అందులోకే పోవాలి. మా ఇంటావిడ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి మూత తీయబోయింది, రాలేదు. మూత చుట్టూ ఉన్న నొక్కును వేలితో లోపలికి నొక్కి తిప్పాలి. రెండోసారికి పట్టు దొరికింది. "ఎలుగుబంటికి ఇది రాదంటావా?" అని అల్లుణ్ణి అడిగింది. ఆయన నవ్వి, "రాదనే అమ్ముతున్నారు అత్తయ్యా," అన్నాడు.

అక్కడి దుకాణాల్లో కొండనడక వాళ్ల కోసం ఎండబెట్టిన భోజనం పొట్లాలు దొరుకుతాయి. వేణ్ణీళ్లు పోస్తే అన్నం అవుతుంది. ఒకటి రుచి చూశాం. దాని గురించి ఇంకేమీ రాయను. మా ఇంటావిడ ఆ రాత్రే నిర్ణయం చేసేసింది. రవ్వను నూనెలో వేయించి తాలింపు పెట్టి ఉప్మాకు, అటుకులకు చింతపండు పొడి కలిపి పులిహోరకు, పెసరపప్పు వేయించి బియ్యంతో కలిపి పొంగలికి. ఏ పూటకు ఆ పూట పొట్లం కట్టింది. పైన పసుపు బొట్టు పెట్టింది, ఏది ముందు తినాలో తెలియడానికి ఒకటి, రెండు, మూడు బొట్లు. మా అల్లుడు వాటిని తూచి, ఒక్కో మనిషికి రోజుకు ఆరేడు వందల గ్రాముల లోపే వచ్చిందని సంబరపడ్డాడు.

అన్నిటికంటే పెద్ద పని జొన్నరొట్టెలు. నల్లమలలో కన్నడ భక్తులు మోసుకొచ్చేవి కటిక ఎండు జొన్నరొట్టెలే, శనక్కాయల కారంతో. వారాల తరబడి చెడవు, నీళ్లుండవు కాబట్టి బరువుండవు. ఈ మాట నేను అనగానే ఇండియన్ స్టోర్ నుంచి జొన్నపిండి వచ్చింది. మా ఇంటావిడ డబ్బా మూతి అడ్డంగా దారంతో కొలిచి, ఆ కొలతకు రొట్టెలు తట్టింది. మామూలుగా మా ఇంట్లో రొట్టె పళ్లెమంత ఉంటుంది. ఇవి చిన్నపిల్లలు ఆడుకోవడానికి చేసినట్టున్నాయి. పెనం మీద కాల్చి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఎండబెట్టి, దొంతర పేర్చి దింపితే డబ్బాలోకి సరిగ్గా దిగాయి. మా అల్లుడు చప్పట్లు కొట్టాడు. శనక్కాయల కారం పొడి వేరే సంచిలో. ఆవకాయకు మాత్రం ఎంత బతిమాలినా పర్మిట్ దొరకలేదు. నూనె కారితే మొత్తం డబ్బా ఆవకాయే అవుతుందని అమ్మాయి వాదన.

నేను పట్టుబట్టి నెగ్గింది ఒక్కటి. హారతి కర్పూరం. రెండు బిళ్లలు. అడవిలోకి పోతూ దేవుడికి దండం పెట్టుకోకపోతే నాకు తోచదు. అమ్మాయి త్రాసు చూసి ఊరుకుంది, దాని బరువు ఏమంత ఉంటుంది? "వాసన వస్తుంది కాబట్టి డబ్బాలోనే పెట్టాల," అంది. రొట్టెల పైన పెట్టి మూత బిగించింది.

మూట మోయడం అభ్యాసం చేయించారు. నా బరువు 62 కిలోలు. ఒంటి బరువులో ఐదో వంతుకు మించి వీపున వేసుకోవద్దని కొండనడక వాళ్లు చెబుతారు. నాకు అందులో సగానికి కాస్త ఎక్కువ ఇచ్చారు. గుడారం, డబ్బా, పొయ్యి అల్లుడివి. వడపోత గొట్టం, మందులు, వంటగిన్నె అమ్మాయివి. నాది నా పడక, నా బట్టలు, నా నీళ్లు. సామాను వచ్చేదాకా సంచిలో పది పౌండ్ల సోనా మసూరి బియ్యం బస్తా వేసుకుని సమామిష్ నది పక్క దారిలో పొద్దున పూట నడిచాను. పాత కర్నూలు జిల్లా వాణ్ణి, సోనా బియ్యం మోయడం కొత్త కాదుగానీ అమెరికాలో ఊరికే మోసుకు తిరగడం కొత్త. ఎదురొచ్చిన ఒక సర్దారు పెద్దాయన ఆగి, ఏముంది సంచిలో అని అడిగాడు. చెబితే నమ్మలేదు, విప్పి చూపించాను. తర్వాత టైగర్ మౌంటెన్ అనే కొండకు తీసుకుపోయారు. పేరే గానీ పులి లేదు. పులులున్న మా నల్లమలలో ఏ కొండకూ అట్లాంటి పేరు విన్న గుర్తు లేదు.

వాళ్లు సామాను చూసుకుంటుంటే నేను లైబ్రరీకి పోయి చరిత్ర చూసుకున్నాను. మాస్టారి జబ్బు. ఆ అడవి ఎట్లా మిగిలిందన్నది నాకు తెలియాలి, ఎందుకంటే దాని చుట్టూ ఉన్నది మిగల్లేదు. 1909లో థియొడోర్ రూజ్వెల్ట్ అధ్యక్ష పదవి దిగిపోయే రోజుల్లో ఆ కొండను జాతీయ స్మారకంగా ప్రకటించాడు. అసలు ఉద్దేశం అక్కడి ఎల్క్ దుప్పుల్ని కాపాడటం. అవి వేటకు అంతరించిపోయే దశలో ఉండేవి, ఆ జాతికి ఆయన పేరే ఉంది. 1915లో అధ్యక్షుడు విల్సన్ ఆ స్మారకం విస్తీర్ణం సగానికి సగం కోసేశాడు. కర్ర కావలసినవాళ్ల ఒత్తిడి. 1938లో రెండో రూజ్వెల్ట్ దాన్ని నేషనల్ పార్క్ చేశాడు. నడుమ మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అక్కడి సిట్కా స్ప్రూస్ మాను తేలిక, గట్టి, విమానాల రెక్కలకు సరిగ్గా పనికొస్తుంది. సైన్యమే కర్ర కొట్టడానికి దిగింది, రైలుమార్గం వేసింది. ఆ పట్టాలు పూర్తయ్యేసరికి యుద్ధం ముగిసిపోయింది. ఇప్పుడు ఆ రైలుదారి క్రెసెంట్ అనే చెరువు ఒడ్డున నడకదారి అయింది.

అంతకంటే నన్ను పట్టుకున్నది నళినీ నాడ్కర్ణి పని. తండ్రి భారతీయుడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ ఆమె తాడు కట్టుకుని ఆ అడవిలో పెద్దాకు మేపుల్ చెట్లు ఎక్కింది. కొమ్మల మీద నాచు దట్టంగా పేరుకుపోయి, కుళ్లి, మట్టి అవుతుంది. ఆ నాచు తొలగించి చూస్తే చెట్టు తన కొమ్మల నుంచే ఆ మట్టిలోకి వేళ్లు దింపుకుంది. నేలకు ఎంతో ఎత్తున. 1981లో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఈ సంగతి నేను రాత్రి భోజనాల దగ్గర చెబితే అల్లుడు త్రాసు పక్కనపెట్టి విన్నాడు. అక్కడికి ఏటా పోయేవాడు, ఇది తెలియదు. ఆ రోజు నాకు కాస్త గౌరవం పెరిగింది.

బయల్దేరే ముందు ఇంకో కాగితం తయారైంది. ఏ రాత్రి ఎక్కడ ఉంటాం, కారు నంబరు ఏది, ఏ రోజు సాయంత్రం లోపు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి. అక్కడ మొబైల్ పనిచేయదు. అల్లుడు శాటిలైట్‌తో సందేశం పంపే చిన్న పరికరం అద్దెకు తెచ్చి, రోజూ రాత్రి "క్షేమం" అని ఒక్క మాట వస్తుందని మా ఇంటావిడకు చెప్పాడు. ఆమె మోకాళ్ల నొప్పితో రావడం లేదు, మనవరాలి దగ్గర ఉంటుంది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద మాగ్నెట్‌తో పెట్టి, "మీరు శ్రీశైలం పోయినప్పుడు మీ అమ్మకు ఎవరు చెప్పినారు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చినప్పుడే తెలిసింది.

తెల్లవారుజామున ఎడ్మండ్స్ దగ్గర కారుతో సహా పడవెక్కి కింగ్‌స్టన్‌లో దిగాం. పోర్ట్ ఏంజిలిస్ దాటాక రోడ్డుకు రెండువైపులా కొట్టేసిన అడవులు కనిపించాయి. ఒకే వయసు చెట్లు, ఒకే ఎత్తు, వరసలు. ఇక్కడ ఫలానా ఏడాది కొట్టారు, ఫలానా ఏడాది నాటారు అని బోర్డులు. ఫోర్క్స్ అనే ఊరు కర్ర కొట్టుకునే బతికింది. 1990లో మచ్చల గుడ్లగూబను ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చాక ప్రభుత్వ భూముల్లోని ముదురు అడవుల నరికివేత చాలావరకు ఆగింది, ఆ ఊరి మిల్లులు దెబ్బతిన్నాయి. పిట్ట కోసం మా కడుపు కొట్టారన్న కోపం అక్కడి పెద్దవాళ్లలో ఇంకా ఉందంటారు. పులుల కోసం చెంచుల్ని అడవి నుంచి కదిలించే మాట వచ్చినప్పుడల్లా మా వైపు వినే మాట కూడా ఇంచుమించు అదే. ఎవరిది తప్పో నేను తీర్పు చెప్పలేను. ఫోర్క్స్ ఇప్పుడు రక్తపిశాచుల నవల పేరు చెప్పి పర్యాటకుల్ని పిలుస్తోంది.

దారి మొదట్లో జనం బాగానే ఉన్నారు. నాచు వేలాడే మేపుల్ చెట్ల కింద ఫొటోలు తీసుకుని వెనక్కి పోతారు. రెండో మైలు దాటేసరికి మేమే మిగిలాం. స్ప్రూస్‌లు, హెమ్‌లాక్‌లు. స్ప్రూస్‌లైతే 300 అడుగుల దాకా పెరుగుతాయి. తల వెనక్కి వాల్చినా కొస కనపడదు, వీపు మీది మూట వెనక్కి లాగుతుంది. కాబట్టి నేను కిందే చూసుకుంటూ పోయాను, అదే మేలైంది. ఆ నేల మీద విత్తనం మొలవడం కష్టం. నాచూ, ఫెర్నులూ అంత దట్టం. పడిపోయిన మహావృక్షం వీపు మీద పడ్డ విత్తనమే బతుకుతుంది. మాను వందల ఏళ్లు పట్టి కుళ్లిపోతుంది, దాని మీద మొలిచినవి వేళ్లు రెండువైపులా నేలకు దింపుకుంటాయి. ఒక చోట ఏడెనిమిది పెద్ద చెట్లు ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా ఒకే వరసలో ఉన్నాయి. కింద మాను మాయమైపోయింది, వేళ్ల మధ్య మనిషి దూరేంత ఖాళీ మిగిలింది. పడిపోయిన మానును అక్కడ అట్లాగే ఎందుకు వదిలేస్తారో అప్పుడు అర్థమైంది. చచ్చిన చెట్టుకే ఆ అడవిలో పని ఎక్కువ.

హో నది నీళ్లు పాలరంగులో ఉంటాయి. హిమానీనదం రాయిని అరగదీసిన పిండి అది. వడపోత గొట్టంలో పోస్తే మూసుకుపోతుందని, పక్క వాగుల నీళ్లే పట్టాలని అల్లుడి పట్టీలో ముందే ఉంది. పట్టీలో చిన్న తాపీ కూడా ఉంది, 17 గ్రాములు. నీటికి 200 అడుగుల దూరం పోయి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు తవ్వి, పని కాగానే పూడ్చాలి. ఈ పాఠం అమ్మాయి నాకు ఇంట్లో చెప్పడానికి నానా అవస్థ పడి చివరికి మొగుడి చేత చెప్పించింది. నాకు నవ్వొచ్చింది. చెంబు పట్టుకుని పొలం గట్లకు పోయిన తరం నాది.

ఒలింపస్ దగ్గర పచ్చికలో ఎల్క్ దుప్పుల మంద ఉంది. 50 గజాల దూరం పాటించాలన్నది నియమం. మేం పాటించాం, అవి పాటించలేదు. రాత్రి ఒకటి గుడారం పక్క నుంచే మేసుకుంటూ పోయింది. పచ్చిక తెంపే చప్పుడు నా చెవికి జానెడు దూరంలో. డబ్బా మాత్రం వంద అడుగుల అవతల భద్రంగా ఉంది.

మర్నాడు పొద్దున డబ్బా తెరిస్తే గుప్పున కర్పూరం. రెండు సంచుల్లో చుట్టినా ఆగలేదు. పొంగలి పొట్లాల నుంచి పళ్లపేస్టు దాకా అంతా గర్భగుడి. అమ్మాయి ఒక రొట్టె ముక్క నోట్లో వేసుకుని నా వైపు చూసింది. అల్లుడు, "తిరుపతి లడ్డు తిన్నట్టే ఉంది మామయ్య గారూ," అని నన్ను కాపాడాడు. వేసవి ఎండలకు ఆ వారం మంటలపై నిషేధం ఉంది, హారతి ఎట్లాగూ ఇవ్వలేదు.

చేతిసంచులతో వంతెన దాకా పోయాం. రెండు బండల మధ్య ఇరుకైన లోయ, అట్టడుగున పాలనీళ్లు. అవతల దారి నిట్టనిలువుగా లేచింది. అక్కడ ఒకామె కూర్చుని ఉంది, వయసు నాకంటే ఎక్కువే, ఒంటరిగా గ్లేసియర్ మెడోస్ నుంచి దిగుతోంది. ఆమె మూట మా అల్లుడి మూటలో సగం లేదు. ఆయన తట్టుకోలేక గుడారం ఏది, పడక ఏది అని ఆరా మొదలుపెట్టాడు. ఇద్దరూ గ్రాముల భాషలోకి దిగిపోయారు. తినేదేమిటని ఆమె అడిగితే నేను రెండు రొట్టెలు, కాస్త కారం ఇచ్చాను. కొరికి, ఆలోచించి, మళ్లీ కొరికింది.

"ఇవి ఎన్నాళ్లు నిలవుంటాయి?"

"మూడు వారాలు," అన్నాను.

"ఒక్కోటి ఎంత బరువు?"

అల్లుడు తడుముకోకుండా, "35 గ్రాములు," అన్నాడు.

ఆమె జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. "ఏ పిండి? ఇందులో ఇంకో వాసన ఉందే, అదేమిటి?"

"పిండి జొన్నది," అంది అమ్మాయి. "వాసన మా నాన్నది."